జారిన క్లచ్

సోమవారం పొద్దున ఏటీవీల టైర్లు కడగడం వెన్నెల పని. శని, ఆదివారాల్లో సిటీ నుంచి వచ్చినవాళ్లు ఆ నాలుగు చక్రాల బండ్లను మట్టి దిబ్బల మీద ఎగరేసి, గుంటల్లో ముంచి వెళ్లిపోతారు. మిగిలిన బురదంతా ఆమెకు. టైరు గాడుల్లో గట్టిపడిన ఎర్రమట్టిని పుల్లతో పెకలిస్తుంటే, పైపు నీళ్ల చప్పుడుకు మనసు ఎటో తేలిపోతుంది. ముడిమ్యాలలో పుట్టింటి పొలం, బోరు మోటారు, నీళ్లు రాకముందు పైపు చేసే గురగుర. ఆ చప్పుడు విని మోటారుకు ఏం జబ్బో ఆమె చిన్నప్పుడే చెప్పేసేది. అది కూడా ఒక విద్యే అని అప్పుడెవరూ అనలేదు. ఇప్పుడూ అనరు.

మొయినాబాద్ దగ్గర నాలుగెకరాలు కిరాయికి తీసుకుని భర్త జగదీశ్ ఈ ట్రాక్ పెట్టి ఐదేళ్లయింది. షెడ్డు వెనకే రెండు గదుల ఇల్లు. మొదట్లో సిటీ నుంచి మెకానిక్ వచ్చేవాడు. అతను వారాల తరబడి రాని ఒక వానాకాలంలో, వంట ముగిశాక మిగిలిన మధ్యాహ్నాల్లో, ఫోన్లో వీడియోలు చూస్తూ వెన్నెల ఒక ఇంజన్ విప్పింది. "ఇప్పుతవ్ సరే, బిగించేదెవరే?" అని నవ్వాడు జగదీశ్. బిగించింది. బండి స్టార్టయ్యాక అతను నవ్వలేదు. "వంట పనైపోయినంకనే షెడ్డుకు రా" అన్నాడు, అంతే. అప్పట్నుంచి ఫిల్టర్లు, చైన్లు, క్లచ్‌లు అన్నీ ఆమె చేతుల మీదుగానే నడుస్తున్నాయి. ఎవరైనా అడిగితే మాత్రం "బండ్లన్నీ నేనే చూసుకుంట, మా ఆమె జర చేతిసాయం" అంటాడు. అత్త రుక్మిణమ్మకు గ్రీసు వాసన పడదు. "ఆ చేతులతోని అన్నం పెడితే డీజిల్ తాగినట్టుంటది" అంటుంది. వెన్నెల రెండుసార్లు సబ్బు పెట్టి కడుక్కుని వడ్డిస్తుంది. కడుక్కుంటూ, గోళ్ల కింది ఆ నల్లటి గీత పోకపోతేనే బాగుండుననుకుంటుంది ఒక్కోసారి.

ఆగస్టులో జెన్నీ వచ్చింది. కొండకల్ దగ్గర ఉద్యోగం చేస్తుంది, సొంతంగా స్పోర్ట్ ఏటీవీ కొనుక్కుంది. చేవెళ్ల అవతల జరగబోయే బురద పోటీకని బండిని సర్వీసుకు ఇచ్చింది. ఆ రెండు రోజులు వెన్నెల పుట్టింట్లో ఉంది. జగదీశే ఆయిల్ మార్చి పంపాడు. నాలుగో రోజుకల్లా జెన్నీ బండిని ట్రాలీ మీద వేసుకుని తిరిగొచ్చింది.

"ఇంజన్ అరుస్తుంది గానీ బండి లాగట్లేదన్నా. గట్టు ఎక్కిస్తే చాలు, క్లచ్ జారిపోతుంది."

జగదీశ్ బండి వంక సరిగా చూడనైనా లేదు. "క్లచ్ కాలిపోయింది మేడమ్. ఏమనుకోకుండ్రి, లేడీస్‌కు అలవాటే. క్లచ్ సగం పట్టుకొనే నడుపుతరు. ప్లేట్లు మాత్రం ఏం జేస్తయి?"

"నేను సగం పట్టను," అంది జెన్నీ. కానీ మాట చివర గొంతు సన్నబడింది. నిజంగా పట్టానేమో అన్నట్టు తన ఎడమచేతి వైపు చూసుకుంది.

టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడిన వెన్నెల ఆ చూపును గుర్తుపట్టింది. కూర మాడితే, పాలు విరిగితే, పొద్దున తీసిన తాళంచెవి మధ్యాహ్నానికి కనబడకపోతే, "నువ్వే చేసుంటవ్" అని ఎవరో అంటారు. కాదని తెలిసినా, ఒక్క క్షణం తన చేతుల్నే తాను అనుమానిస్తుంది. ఆ ఒక్క క్షణం చాలు వాళ్లకి.

మధ్యాహ్నం ఇంట్లో అందరూ కునుకు తీస్తున్నప్పుడు ఆమె క్లచ్ మూత విప్పింది. కాలిన వాసన లేదు. ప్లేట్లు ఒక్కొక్కటీ తీసి కొలిచింది. మందం తగ్గలేదు. కానీ వేలితో రుద్దితే సబ్బు బిళ్లలా జారుతున్నాయి. షెడ్డు మూలన డబ్బా ఉంది, కార్లలో పోసే ఆయిల్. కారు క్లచ్ ఆయిల్లో మునగదు, ఈ బండిది మునుగుతుంది. ఆ ఆయిల్లో జారుడెక్కువ, ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకోలేవు. వెన్నెల ప్లేటును ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. రేకుల సందుల్లోంచి పడిన ఎండ దాని మీద నెమ్మదిగా జరుగుతోంది. ఎవరికీ తగలకుండా, ఏ మాటకూ ఆగకుండా, ఇంత నునుపుగా తనూ ఎన్నాళ్ల నుంచి తిరుగుతోందో!

ప్లేట్లు శుభ్రం చేసి, సన్నటి గరుకు కాగితంతో రుద్ది, బైకులకు వాడే ఆయిల్లో నానబెట్టింది. ఇంజన్లో పాత ఆయిల్ తీసేసి, రెండుసార్లు కడిగి, బైకుల ఆయిలే పోసింది. క్లచ్‌కు కొంచెం గట్టి స్ప్రింగులు వేసింది. బురదలో పట్టు దొరికేలా వెనక టైర్లలో గాలి తగ్గించింది.

జెన్నీ వచ్చిన రోజు జగదీశ్ తాళంచెవి అందిస్తూ, "సెట్ చేసిన మేడమ్. ఇగ జర చూసి నడుపుండ్రి" అన్నాడు.

"మీరు కాల్చలేదు మేడమ్." అంతటా వినబడింది వెన్నెల గొంతు. "ప్లేట్లు మంచిగనే ఉన్నయి. ఈడ కార్ల ఆయిల్ పోసినం, అందుకే జారింది. తప్పు మాది."

జగదీశ్ మొహం కందిపోయింది. జెన్నీ అతని వైపు చూడలేదు. "క్లచ్ విప్పింది మీరేనా అక్కా?"

"నేనే."

"అయితే ట్రయల్ కూడా మీరే చూడండి."

"ఆమెకు నడపరాదు," అన్నాడు జగదీశ్.

అది నిజమే. ఐదేళ్లలో ఆమె బండిని షెడ్డు నుంచి నీళ్ల పైపు దాకా మొదటి గేరులో తేవడమే. జెన్నీ తన హెల్మెట్ తీసి వెన్నెల తలకు తొడిగింది. లోపల ప్రపంచం మెత్తగా, దూరంగా అయిపోయింది. క్లచ్ వదులుతుంటే, ఎక్కడ పట్టుకుంటుందో ఆమె వేళ్లకు ముందే తెలిసింది. బండి కదిలింది. రెండో గేరు. గట్టు ఎదురొచ్చింది, ఆకాశం కిందికి వాలింది. చక్రాలు నేల వదిలిన ఆ కాసేపు, ఎవరి ఇల్లూ ఎవరి పొయ్యీ లేని చోట, గాలి ఒక్కటే ఉంది. ఇన్నాళ్లూ బయట నుంచి విన్న ఇంజన్ గొంతు ఇప్పుడు తన పక్కటెముకల్లోంచి వస్తోంది. ఎన్ని చుట్లు తిరిగిందో ఆమెకు తెలియదు. చివరికి బండిని జెన్నీ ముందుకు తెచ్చి ఆపింది.

"వచ్చే ఆదివారం పోటీ," అంది జెన్నీ. "నా మెకానిక్‌గా వస్తారా?"

వెన్నెల నవ్వి, హెల్మెట్ తీసి ఆమె చేతికిచ్చింది.

జెన్నీ వెళ్లాక జగదీశ్ పళ్లు కొరికాడు. "మందిల నా ఇజ్జత్ తీసినవ్. ఇగ షెడ్డుల అడుగు పెట్టకు."

"మంచిది," అంది వెన్నెల. పెట్టలేదు.

శుక్రవారం నాటికి జగదీశ్ రెండు బండ్లు విప్పుకుని కూర్చున్నాడు. మర్నాడు పొద్దున్నే గిరాకీ. రుక్మిణమ్మ రెండుసార్లు షెడ్డులోకి తొంగిచూసి వచ్చింది.

"పోరాదే, వాడొక్కడే తిప్పలు వడుతుండు."

"అడుగు పెట్టకు అన్నడు అత్తమ్మా. మొగని మాట వినాలె గద," అంది వెన్నెల. ఆరేసిన బట్టలు ఒక్కొక్కటీ మెల్లగా మడతపెట్టింది. రుక్మిణమ్మ ఏదో అనబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికెళ్లింది. నవ్విందో ఏమో తెలియదు.

కాసేపటికి జగదీశ్ గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. రెండు చేతుల్లో ప్లేట్లు, మోచేతుల దాకా కారుతున్న నూనె.

"ఏది ముందు?" అన్నాడు నేల చూస్తూ.

"గరుకుది. దాని మీద నున్నటిది. మళ్ల గరుకుది."

"నువ్వే వచ్చి బిగించరాదు?"

వెన్నెల ఆఖరి చీర మడతపెట్టి లేచింది.

"వస్త. కని బిగించేది నువ్వే. పక్కన కూసొని చూపిస్త, మంచిగ నేర్చుకో," అంది. "ఎల్లుండి నేనుండ. జెన్నీ మేడమ్‌తోని పోతున్న, మెకానిక్ లెక్క."