అత్త పడితే

తెల్లవారి రైలింజన్ల షెడ్డు కూత వినపడేలోగా అప్పలనర్సమ్మ పెరటి రాళ్ల మీద బూడిద చల్లేసేది. చాప చుట్టి మూలకి నిలబెట్టేది. అత్త మంచం నుంచి నీళ్లగది దాకా గోడ వెంబడి బిగించిన కొబ్బరితాడుని రెండు చేతులతో లాగి చూసేది. ఆ తరవాతే పొయ్యి ముట్టించేది. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఇంకే కోడలికీ పొద్దున్నే ఇన్ని పనులు లేవు.

అత్త అసిరమ్మకి డెబ్బై దాటాక తల తూలడం మొదలైంది. పడితే ఆమెకేమీ అయ్యేది కాదు. చీర దులుపుకుని లేచేది. దెబ్బ మాత్రం ఆమెకి అందరికంటే ఇష్టమైన మనిషికి తగిలేది. గడప తట్టుకుని పడినప్పుడు షెడ్డులో బొగ్గు వేస్తున్న చిన్నకొడుకు సూర్యానికి మోచెయ్యి విరిగింది. నూతి దగ్గర జారినప్పుడు అన్నం తింటున్నవాడికి ముందుపన్ను ఊడి కంచంలో పడింది. రైల్వే డాక్టరు కట్టు కట్టి, కారణం అన్నచోట ‘తల్లి పడుట’ అని రాసుకునేవాడు. పెద్దకొడుకు నూకరాజుకి ఇంతవరకూ గోరు కూడా చిట్లలేదు. ఆ ఉక్రోషంతోనే మహానుభావుడు తనుండే కర్గీ రోడ్డు స్టేషను నుంచి రావడం మానేశాడు.

నర్సమ్మ మొగుడు సూర్యం ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్. వానాకాలంలో డ్రైవరు పనికి ఒళ్లంతా తడిమి పరీక్ష చేస్తారు. ఇంకొక్క ఎముక విరిగితే డ్రైవరు పని మాట అటుంచి, ఉన్న డ్యూటీ, క్వార్టరు కూడా పోతాయి. అందుకని నర్సమ్మ రోజూ అత్త చేత తాడు పట్టించి, పది లెక్కపెట్టేదాకా ఒంటికాలి మీద నిలబెట్టేది. సాయంత్రం అరికాళ్లకి ఆముదం రాసేది.

“ఓలి నర్సీ, నీకు నా కాళ్ల మీద పేమా, నా కొడుకు కాళ్ల మీద పేమా?” అని అడిగేది అసిరమ్మ.

“నీ కొడుకు కాళ్ల మీదేనత్తా. నీకేటి, పడితే దులుపుకుంటావు.”

ఇద్దరూ నవ్వుకునేవారు. కానీ రెండేళ్లు ఇలా చేశాక నర్సమ్మకి లోపల కుళ్లు మొదలైంది. ఇంత చేసినా అత్త మనసులో తనకి ముల్లు గుచ్చుకున్నంత చోటైనా లేదు.

పరీక్షనాడు సూర్యం ఆసుపత్రికి వెళ్లాడు. నర్సమ్మ కుళాయి నుంచి బిందెతో వచ్చేసరికి చినుకులు పడుతున్నాయి. అసిరమ్మ తాడు వదిలేసి పెరట్లోకి వచ్చేసింది. దండెం మీంచి లాగిన కోడలి చీర ఆమె చేతిలో ఉంది.

“అత్తా, కదలకు!”

“నీకున్నది ఇదొక్కటే మంచి సీర, తడిసిపోతాదే,” అంటూనే ఆమె బోర్లా పడిపోయింది.

అయిపోయింది, మొగుడు డాక్టరు ముందే కూలిపోయి ఉంటాడు అనుకుంది నర్సమ్మ. అప్పుడే తన తుంటిలోనే ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. బిందెతో సహా కూలింది. నొప్పి కంటే ముందు సంతోషం వచ్చింది. సిగ్గులేకుండా, బురదలో పడి నవ్వింది. ఆ తరవాత అరిచింది.

సాయంత్రం సూర్యం మిఠాయి పొట్లంతో వచ్చాడు. పాసయ్యాడు. అప్పటికే డాక్టరు వచ్చి, ఈమె ఇంక నడవదని చెప్పి, ‘అత్త పడుట’ అని రాసుకుని వెళ్లిపోయాడు. సూర్యం మంచం మీది పెళ్లాన్ని చూశాడు, తల్లిని చూశాడు, తన మోకాళ్లు రెండూ తడుముకున్నాడు.

“అచ్ఛా! ఐతే నాకింక బయ్యం నేదన్నమాట.”

మర్నాడు రైలు మీద లైన్ డ్యూటీకి పోతూ, పరుపుచుట్టకి కట్టుకోవడానికి గోడ తాడు విప్పుకుపోయాడు.

బూడిద చల్లే మనిషి లేదు. వారం రోజుల వానకి రాళ్లకి పాచి పట్టింది. వంట అసిరమ్మే చేస్తోంది. ఆ మధ్యాహ్నం వేడి గంజి గిన్నెని రెండు చేతులా పట్టుకుని, పెరట్లోని వంటపాక నుంచి తూలుతూ బయల్దేరింది.

నర్సమ్మ మంచం మీంచే గుమ్మంలోంచి బయటికి చూసింది. “అత్తా, నీ కాళ్లు మొక్కుతాను, అక్కడే కూకో. నాకాకలి నేదు.”

“ఆకలి నేకపోడమేటి తల్లీ? పొద్దున్నుంచి ఏటీ తిన్నేదు. నీకోసరమే సేసినాను,” అంది అసిరమ్మ. ఆ ముసలి మొహం నిండా ప్రేమే. పాచి రాయి మీద కాలు పెట్టింది.