తల్లి చేతుల్లో ఏడ్చిన పిల్ల

అప్పలకొండమ్మకు కడుపు పండలేదు. ఆ వెలితి పైకి కనపడనివ్వకుండా పోర్ట్ బ్లెయిర్‌లోని డైరీ ఫార్మ్ అనే పేటలో మహిళా మండలి పనిలో మునిగిపోయింది. మండలి పాల కేంద్రంలో పాలపొడి కలిపి పిల్లలకు పోసేది. టీకాలు వేసే రోజున తల్లులను పోగుచేసేది. గడపగడపకూ తిరిగి జబ్బున్నవాళ్లను ఆసుపత్రికి పంపేది. పేటలో ఆమె మాటంటే గురి.

పక్కింట్లో యర్రమ్మ, ఆమె మొగుడు నూకన్న ఉండేవాళ్లు. చేపల వేట కోసం విశాఖలో ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ వచ్చారు. ఇక్కడ నా అన్నవాళ్లు లేరు. ఒక వానాకాలం యర్రమ్మ దగ్గుతూ నెత్తురు కక్కింది. అప్పలకొండమ్మే ఆసుపత్రికి తీసుకెళ్లింది. క్షయ అని తేలింది. వార్డులో ఉండాలన్నారు, చంకలోని నెలల పిల్లను దూరంగా ఉంచాలన్నారు.

"పిల్లనేటి సెయ్యను అప్పా?" అంది యర్రమ్మ.

"నాను లేనేటే? నువ్వు నయమై రా. నీ పిల్ల నీకే."

ఆ మాట అన్నప్పుడు నిజంగానే అంది.

యర్రమ్మ పిల్లకు నూకాలమ్మ పేరు పెట్టుకుంది. అప్పలకొండమ్మ రాణీ అని పిలవడం మొదలుపెట్టింది. పిల్ల ఒళ్లు చేసింది, నడక నేర్చింది. ఒక పొద్దున కొంగు పట్టుకుని అమ్మా అంది. అప్పలకొండమ్మ పొయ్యి మీద గిన్నె వదిలేసి, మళ్లీ అనమని పిల్లను ఎత్తుకుంది.

వేట నుంచి వస్తూనే నూకన్న పిల్లకోసం పరిగెత్తుకొచ్చేవాడు. "సేపల సేతుల్తో ముట్టుకోకు తమ్ముడూ, జొరమొస్తాది" అనేది అప్పలకొండమ్మ. అతను చేతులు వెనక్కి పెట్టుకుని, గుమ్మంలోంచి చూసి వెళ్లిపోయేవాడు. కిటికీలోంచైనా ఓసారి చూపించమని వార్డు నుంచి యర్రమ్మ కబురు పెట్టేది. డాక్టరుబాబు వద్దన్నాడని అప్పలకొండమ్మ తిరుగు కబురు పంపేది. కిటికీలోంచి కూడా చూపించొద్దని ఏ డాక్టరూ అనలేదు.

ఏడాది దాటాక యర్రమ్మకు నయమైంది. ఇంటికి పంపే రోజున అప్పలకొండమ్మ పక్కనే ఉంది. జబ్బు పోయింది, ఇక పిల్లను ఎత్తుకోవచ్చని డాక్టరు చెప్పడం చెవులారా వింది. మర్నాడు పాల కేంద్రంలో మాత్రం, "లోపల ఇంకా ఉందట. పిల్లలు జాగర్త" అని యర్రమ్మ గురించి తల్లులకు చెప్పింది.

అంతే. యర్రమ్మ ఏ అరుగు మీద కూర్చున్నా అక్కడి తల్లులు పిల్లలను ఎత్తుకుని లేచిపోయేవారు. మంచినీళ్లడిగితే కొబ్బరిచిప్పలో పోసేవారు. ఆమె పాల కేంద్రానికి వెళ్లి, తన పిల్లను తనకు ఇప్పించమని మండలి ప్రెసిడెంటు గురువమ్మ దగ్గర మొర పెట్టుకుంది.

"దేఖో యర్రమ్మా, ఇంకొన్నాళ్లు సబర్ కరో, ఓపిక పట్టు. పిల్ల మంచికే చెప్తన్నాం" అంది గురువమ్మ.

"డాక్టరుబాబు ఎత్తుకోమన్నాడు దీదీ. అప్ప కూడా ఇంది. అడుగు."

అక్కడున్న ఆడవాళ్లందరూ అప్పలకొండమ్మ వైపు చూశారు.

"నానేటీ ఇన్లేదు" అంది ఆమె.

యర్రమ్మ ఇక ఎవరినీ అడగలేదు. బెంచీ మీద కూర్చుని పాలు తాగుతున్న పిల్లను లాక్కుని గుండెకు హత్తుకుంది. గ్లాసు దొర్లిపోయింది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. ముక్కూమొగమూ రక్కింది. "అమ్మా, అమ్మా" అంటూ అప్పలకొండమ్మ వైపు చేతులు చాచింది.

ఒక్క అడుగు వేస్తే ఆ ఏడుపు ఆగిపోతుంది. అప్పలకొండమ్మ వేయలేదు. చేతులు కట్టుకుని నిలబడింది. ఆడవాళ్లందరూ కళ్లారా చూడాలి, చెవులారా వినాలి అనుకుంది. పిల్ల మొహం ఎర్రబడింది, ఊపిరి అందక ఎక్కిళ్లు పట్టింది. అయినా కదల్లేదు.

"సూసినారా, తల్లెవరో పిల్లకి తెలీదేటి?" అన్నారెవరో.

చివరకు యర్రమ్మే దగ్గరకు వచ్చింది. చెంప మీద గోటి గీరలు. పిల్లను ముందుకు చాపింది.

"ఎత్తుకో అప్పా. గొంతెండిపోతంది దానికి."

అప్పుడు అప్పలకొండమ్మ చేతులు విప్పింది. పిల్ల ఆమె మెడను కరుచుకుంది. గురువమ్మ మరో గ్లాసు పాలు తెప్పించింది.

ఆ వారమే నూకన్న పెళ్లాన్ని తీసుకుని ఎక్కడో ఉత్తరాన ఉన్న మాయాబందర్‌కు పడవ ఎక్కాడు. పక్కిల్లు ఖాళీ అయింది. మండలి ఆడవాళ్లు ఫినాయిల్ పోసి ఆ ఇంటిని శుభ్రంగా కడిగారు. అప్పలకొండమ్మ పిల్లను చంకనేసుకుని, ఏ మూల ఎలా రుద్దాలో వాళ్లకు చెబుతూ నిలబడింది.