మూరెడు కేబుల్

కేబుల్ పరీక్షించే పెట్టె మీద, లోపలి తీగకు ఒకటి చొప్పున, ఎనిమిది దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలగాలి. ఒకటి, రెండు వెలిగాయి. మూడు వెలగలేదు. నాలుగు, అయిదు వెలిగాయి. ఆరు వెలగలేదు. ప్లగ్గు తాత ఆరో గది నుంచి తెచ్చిన ఆ కేబుల్ ఊడదీసి, రెండు చేతుల మధ్య సాగదీసి, వేళ్లతో తడుముకుంటూ వెళ్లాడు. మధ్యలో ఒకచోట లోపలి రాగి తెగి మెత్తగా తగిలింది.

బడిలో ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. వయసు యాభై ఎనిమిది. పద్దెనిమిది గదుల్లో తెరలు, కంప్యూటర్లు, వాటికి ఇంటర్నెట్ తెచ్చే కేబుళ్లు ఆయన చూసుకుంటాడు. మెట్ల కింద స్టోర్ గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక ఫ్యాను ఉన్నాయి. ఫ్యాను ఒక్కటే ఆయన బాగుచేయలేకపోయాడు.

కేబుళ్లు ఎలా చస్తాయో ఆయనకు తెలుసు. ప్లగ్గు మెడ దగ్గర విరుగుతాయి. తలుపు సందులో నలుగుతాయి. కుర్చీ కాలి కింద చితుకుతాయి. ఎలుక కొరికితే పంటిగాట్లుంటాయి. ఆరో గది కేబుల్ వీటిలో దేనివల్లా పోదు. రెండుగా మడిచి పట్టుకున్న చోట తెగుతుంది. చివర ప్లగ్గు పగిలి ఉంటుంది. ఈ ఏడాది ఇది నాలుగోది. ముందు మూడుసార్లూ మరమ్మతు కాగితంలో ‘కారణం’ అనే గడిలో ‘అరుగుదల’ అని రాసి కొత్తది ఇచ్చాడు.

రెండోసారికే ఆయనకు తెలిసిపోయింది. మెట్లెక్కుతున్న ఒక పిల్ల పిక్క మీద పక్కపక్కనే రెండు ఎర్రగీతలు, మధ్యలో చర్మం తెల్లగా. తీగతో కొడితే ఒక్క దెబ్బకు రెండు గీతలు పడతాయి. ఈ సంగతి ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కూతురికి తొమ్మిదేళ్లప్పుడు ఇస్త్రీపెట్టె వైరుతో కొట్టాడు. ఏం తప్పు చేసిందో ఇప్పుడు గుర్తులేదు. గీతలు గుర్తున్నాయి. ఆమె ఇప్పుడు ఆసుపత్రిలో నర్సు. ఆదివారాలు ఫోన్ చేస్తుంది. తిన్నావా, మాత్ర వేసుకున్నావా, అంతవరకే. ఇంటికొస్తే ఇప్పటికీ వీపు గోడకు ఆనించి కూర్చుంటుంది.

వచ్చే ఏడాది ఏ గదికి ఏ సామాను కావాలో, ఎంత కేబుల్ కావాలో సాయంత్రంలోగా రాసివ్వమని హెడ్‌మిస్ట్రెస్ అడిగింది. ఆరో గదికి లెక్కల మాస్టారు అయిదు మీటర్లు అడిగాడు. కంప్యూటర్ పట్టుకుని తరగతంతా తిరుగుతూ చెప్పాలట.

రెండో పీరియడ్‌లో ప్లగ్గు తాత కొత్త కేబుల్ చుట్ట భుజాన వేసుకుని ఆరో గదికి వెళ్లాడు. మిగతా గదుల్లో ఆయన కనిపిస్తే పిల్లలు గోల చేస్తారు. నెట్ ఎప్పుడొస్తుంది తాతా, మా ఇంటిక్కూడా ఒకటి లాగవా తాతా అంటారు. ఇక్కడ ముప్పై నాలుగు మంది ఉన్నారు. ఒక్క తలా లేవలేదు.

“రండి ప్లగ్గు గారూ,” అన్నాడు లెక్కల మాస్టారు. “మీ తీగలు మరీ సుకుమారం అండీ. మా వాళ్ల వీపులే నయం.”

ప్లగ్గు తాత స్టూలెక్కి నెట్ వచ్చే గోడపెట్టెలో ఒక కొస బిగించాడు. రెండో కొస మాస్టారి కంప్యూటర్‌కు తగిలించి, మూత బిగించడానికి మళ్లీ స్టూలెక్కాడు. తెర మీద లెక్క వచ్చింది. మాస్టారు రెండో వరసలో ఒక పిల్లను లేపాడు. ఆమె తెర దగ్గరికొచ్చి నిలబడింది. వేలు ఎత్తింది, దించింది. మాస్టారు కేబుల్ రెండు కొసలూ ఊడలాగి, దాన్ని మడిచాడు.

మొదటి దెబ్బకు ఆ పిల్ల మోకాళ్ల మీద పడింది. రెండోది చెవి మీద తగిలి రక్తం కారింది. మూడోది ప్లగ్గు తాత ముంజేతి మీద పడింది. స్టూలు దిగింది ఎప్పుడో ఆయనకే తెలియదు. కేబుల్‌ను పిడికిలికి చుట్టుకున్నాడు.

“అది నేనిచ్చింది. ఇచ్చెయ్యండి మాస్టారూ.”

“వదలవయ్యా, పిల్లలు చూస్తున్నారు.”

“చూడనివ్వండి.”

మాస్టారు లాగాడు. ఈయన వదల్లేదు. మాస్టారు పొట్టలో తన్నాడు. ప్లగ్గు తాత వెల్లకిలా పడ్డాడు. తల వెనకభాగం తెర ముందున్న అరుగు ఇనుప అంచుకు కొట్టుకుంది. ఆ చప్పుడు చివరి వరసదాకా వినిపించింది. మాస్టారు పిల్లల వైపు తిరిగి, తాతకు కాళ్లు నిలవడం లేదర్రా అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ప్లగ్గు తాత లేచాడు. కేబుల్ చేతిలోనే ఉంది. ఆ పిల్లను లేపి, చెవికి తన రుమాలు అదిమిపెట్టి, తనతో తీసుకెళ్లాడు.

హెడ్‌మిస్ట్రెస్ పిల్లను కూర్చోబెట్టి దూది తెప్పించింది. అంతా విన్నది. విడిగా కాగితం రాసివ్వండి, చూద్దాం అంది. మరమ్మతు కాగితాల్లో మాత్రం ఇవన్నీ రాయొద్దంది. అవి పై ఆఫీసుకు వెళ్తాయట.

ఆయన స్టోర్ గదికొచ్చి మరమ్మతు కాగితమే తీశాడు. ‘కారణం’ గడిలో ఇలా రాశాడు: ‘లెక్కల మాస్టారు దీంతో పిల్లల్ని కొట్టాడు. తెలిసీ రెండుసార్లు కొత్తది ఇచ్చాను. మూడోసారి ఇస్తుంటే ఈరోజు కళ్లారా చూశాను.’ గడి చాలక అక్షరాలు పక్క గడిలోకి వెళ్లాయి. తర్వాత హెడ్‌మిస్ట్రెస్ అడిగిన సామాను జాబితా తీశాడు. పద్దెనిమిది గదుల్లోనూ గోడపెట్టెను కంప్యూటర్ బల్ల పక్కకు దించాలని రాసి, కేబుల్ పొడవు దగ్గర ‘ఒక మూర’ అని నింపాడు. మూరెడు తీగ చెయ్యెత్తి కొట్టడానికి చాలదు. కేబుల్‌ను ముంజేతికి ఆనించి, మోచేయి నుంచి వేలికొసదాకా కొలిచి కత్తిరించసాగాడు. ముంజేతి మీద రెండు గీతలు ఉబ్బి ఉన్నాయి.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవలేదు. రెండుసార్లు వాంతి అయింది. పదిహేనో కేబుల్ దగ్గర ప్లగ్గులో తీగల రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనిపించాయి. ఆదివారం కాకపోయినా కూతురికి ఫోన్ చేశాడు.

“తల కొట్టుకుందమ్మా, కాస్త.”

“ఎప్పుడు? వాంతి అయిందా?”

“అయింది.”

“నాన్నా, పడుకోకు. పక్కన ఎవర్నైనా పిలు. ఆసుపత్రి బండి పంపిస్తున్నా, నేనూ వస్తున్నా. వింటున్నావా?”

ఇరవై ఏళ్లలో ఆమె ఆయనతో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు.

“అప్పుడు నిన్ను ఆ వైరుతో...”

“ఇప్పుడదెందుకు? ఎవర్నైనా పిలు ముందు.”

సరేనన్నాడు. ఎవర్నీ పిలవలేదు. ఇంకా మూడు కేబుళ్లు మిగిలి ఉన్నాయి.

బండి బడి గేటు దాటేసరికి ఆఖరి గంట కొడుతున్నారు. మెట్ల మీదుగా పిల్లలు దిగుతున్నారు. కూతురు వాళ్లను తోసుకుంటూ వచ్చి స్టోర్ తలుపు తీసింది. ఆయన కుర్చీలో వెనక్కి ఆనుకుని ఉన్నాడు. మెడ దగ్గర వేళ్లు పెట్టి చూసింది. కనురెప్ప ఎత్తి చూసింది. బండివాళ్లు లోపలికొస్తుంటే తొందరేం లేదని చెప్పింది. నేల మీదే, తండ్రి ఎదురుగా, వీపు వెనక ఏ గోడా లేకుండా కూర్చుంది.

బల్ల మీద పదిహేడు కేబుళ్లు కట్ట కట్టి ఉన్నాయి. పద్దెనిమిదోది పరీక్షించే పెట్టెకే తగిలించి ఉంది. దాని చీటీ మీద ఆరు అని అంకె ఉంది. పెట్టె మీద దీపాలు వరసగా వెలుగుతున్నాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది. మళ్లీ ఒకటి.