దర్జీ ఇంటి కోళ్ళు గుడ్లు మానిన చలికాలం

పెద్ద వరద వచ్చి పోయిన మరుసటి ఏడు చలికాలంలో దర్జీ ఇంటి కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి. నీళ్ళు గోడ మీద వదిలిన మరక అప్పటికింకా నడుమెత్తున కనిపిస్తూనే ఉంది.

ఒక్కసారిగా మానలేదు. ముందు బోసిమెడది మానింది. తర్వాత ఎర్రవి. నల్లది మాత్రం ఎప్పుడో ఒకటి, దయ తలిచినట్టు, పెట్టేది. చలికాలంలో కోళ్ళు మానడం అన్ని ఇళ్ళలోనూ మామూలే. కానీ దర్జీ ఇంటి కోళ్ళు ఏ చలికాలమూ మాని ఎరగవు. అందుకే దర్జీ భార్యకు అనుమానం పట్టుకుంది.

ఆవిడ చేతులు కట్టుకుని కూర్చునే మనిషి కాదు. గూట్లో పాత గడ్డి తీసి కొత్తది పరిచింది. రెక్కలెత్తి పేలు చూసింది. గుడ్డు పెంకులు నూరి మేతలో కలిపింది. ఎక్కడైనా చాటుగా పెడుతున్నాయేమోనని కట్టెల వెనకా పాత డ్రమ్ము వెనకా వంగి వంగి వెతికింది. నడుము పట్టేసింది గానీ గుడ్డు దొరకలేదు. దాంతో ఆవిడ చూపు పెరటికి అవతలి వైపు మళ్ళింది.

అవతల ఉండేది దర్జీ వదిన. అన్న పోయాక ఒక్కతే అయింది. రెండిళ్ళకూ పెరడు ఒకటే, కుళాయి ఒకటే. కుళాయి దర్జీ వైపు ఉంది. తెల్లారగానే వదిన బిందె పట్టుకుని గూటి పక్కనుంచే వచ్చి నీళ్ళు తీసుకెళ్తుంది.

“బిందెలో ఒట్టి నీళ్ళేనా అక్కా?” అంది దర్జీ భార్య ఒకరోజు.

వదిన బిందె కింద పెట్టింది. “చెయ్యి పెట్టి చూసుకో.”

“చూడక్కర్లేదులే. గూడు చూస్తేనే తెలుస్తోంది.”

“కోళ్ళకి నోరు లేదు గాబట్టి బతికిపోయావే. ఉంటే నీకే ఇబ్బంది” అని, వదిన బిందె చంకనెత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి తోడికోడళ్ళ మధ్య మాటల్లేవు. వారం తిరగకుండానే ఇటుకలు దిగాయి.

“పెరటి మధ్యన గోడ పెట్టించేస్తున్నా. రేపు మేస్త్రీ వస్తాడు” అంది భార్య.

“కుళాయో?” అన్నాడు దర్జీ.

“వీధి చివర ఇంకోటి ఉందిగా. కాళ్ళున్నాయి, పోయి తెచ్చుకుంటుంది.”

వదిన కాళ్ళు ఎలాంటివో ఇద్దరికీ తెలుసు. మెట్టు దిగాలంటే గోడ పట్టుకుంటుంది. కొలతలు చెప్పేటప్పుడు తప్ప దర్జీ గొంతు విన్నవాళ్ళు తక్కువ. మేత సంచి మడిచి చంకలో పెట్టుకుని బజారుకు పోయాడు.

మేత కొట్టువాడు మాటల్లో ఆయనకు సరిగ్గా ఎదురు. నోరు మూస్తే ఊపిరాడదు.

“ముసలివైపోయాయేమో మాస్టారూ?”

“అన్నీనా?”

“ఈకలు రాలుస్తున్నాయా?”

“రాల్చాయి. మళ్ళీ వచ్చేశాయి కూడా.”

“కుక్కో పిల్లో బెదరగొట్టిందా?”

“లేదు.”

“మేత నా కొట్టుది, అందులో వంక ఉండదు” అని కొట్టువాడు తన భుజం తనే తట్టుకున్నాడు. “ఇహ మిగిలింది పొద్దే. చలికాలం పగలు కురచ. వెలుతురు చాలకపోతే కోడికి గుడ్డు కట్టదండీ. అందరి కోళ్ళూ అంతే.”

“మావి ఎప్పుడూ మానలేదు.”

“అయితే పొద్దుగూకాక కూడా వాటి మీద ఎక్కణ్ణుంచో వెలుతురు పడుతుండేదన్న మాట. ఈ ఏడు అదేదో ఆగింది. ఏ బల్బు పోయిందో చూసుకోండి. వేసిన మర్నాడే పెట్టేస్తాయనుకునేరు, కొన్ని వారాలు ఓపిక పట్టాలి.”

దర్జీ సంచి భుజానికెత్తుకున్నాడు. ఏ బల్బో ఆయన చూసుకోనక్కర్లేదు.

కోళ్ళగూడు కుట్టుగది వెనక గోడను ఆనుకుని ఉంది. గది కిటికీ సరిగ్గా గూటి జాలీ మీదికి తెరుచుకుంటుంది. ఇన్నేళ్ళుగా చీకటి పడ్డాక ఆయన బల్బు కింద కూర్చుని కుట్టుకుంటుంటే, ఆ వెలుతురులో సగం కోళ్ళకు పోయేది. ఆ సంగతి ఆయనకూ తట్టలేదు, ఆవిడకూ తట్టలేదు.

ఈ ఏడు ఆయన బల్బు వేయడం లేదు. వరద తర్వాత చూపు మసకబారింది. వాన ముసుగులోంచి చూస్తున్నట్టు ఉంటోంది. ఒకరోజు రైలు గార్డు నల్లటి కోటు గుడ్డ తెచ్చిచ్చాడు. దానికి పైవైపు ఏదో లోవైపు ఏదో కంటికి ఆనక, దర్జీ కోటు చేతులు రెండూ ఎడమవే కత్తిరించాడు. అది చూసుకున్నాక కత్తెర పట్టబుద్ధి కాలేదు. గదిలో లైటు కనిపిస్తే వీధిలో పోయేవాళ్ళు గుడ్డలు తెచ్చి పడేస్తారు. అందుకని తలుపులు మూసి, బల్బు ఆర్పి, చీకట్లో ఉత్త మిషను తొక్కుతూ కూర్చునేవాడు. వంటింట్లో ఉన్న భార్యకు చప్పుడు వినబడాలి కదా. ఆవిడ పొద్దుండగానే కోళ్ళను గూట్లోకి తోలి తలుపేసి వెళ్ళిపోతుంది. కిటికీ చీకటిగా ఉందని చూసింది కోళ్ళే.

చప్పుడు ఆవిడ నమ్మింది. కోళ్ళు నమ్మలేదు.

దారంతా దర్జీ అదే ఆలోచించుకుంటూ వచ్చాడు. ఊరుకుంటే రేపు గోడ లేస్తుంది. నోరు విప్పితే, చేతనైన ఒక్క పనీ చేతకాకుండా పోయిందని ఒప్పుకోవాలి. ఇంటికి వచ్చేసరికి ఇటుకల కుప్ప పెరట్లో ఎదురుగా కనిపించింది.

మసక చీకటి పడింది. దర్జీ భార్యను కుట్టుగదిలోకి పిలిచాడు. స్టూలు మీద కూర్చోమన్నాడు. చీకట్లోనే మిషను తొక్కాడు.

“ఏంటయ్యా ఇది?” అంది ఆవిడ.

“నువ్వు రోజూ వినేది.”

లేచి బల్బు వేశాడు. సూదిలో దారం లేదు, కింద గుడ్డ లేదు. వెలుతురు కిటికీలోంచి గూటి మీద పడగానే కోళ్ళు మెడలెత్తి కొక్కొక్కుమన్నాయి. ఆయన అరలోంచి రెండు నల్లటి కోటు చేతులు తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. ఆవిడ ఒకదాని మీద ఒకటి పేర్చి చూసింది.

“రెండూ ఎడమవే.”

“ఊఁ.”

“ఎన్నాళ్ళనుంచి కనబట్టం లేదు?”

“వరద తర్వాత్నుంచి.”

“అంటే ఈ చలికాలమంతా ఉత్త మిషనా తొక్కింది?”

“ఊఁ.”

“కాళ్ళు లాగేస్తున్నాయంటే ఎన్నిసార్లు నూనె మర్దన చేశానయ్యా!” అని ఆవిడ గట్టిగానే అరిచింది. అరిచాక కిటికీ వంక, కోళ్ళ వంక చూసింది. కొట్టువాడు చెప్పిన ముక్క దర్జీ రెండు మాటల్లో చెప్పాడు. ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“అక్కని ఎన్నెన్ని మాటలన్నానో. రేపు ఏ మొహం పెట్టుకుని ఎదురుపడను?”

ఆ రాత్రి దర్జీ బల్బు ఆర్పలేదు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ తాపీ పట్టుకుని వచ్చాడు. దర్జీ గోడ మరక చూపించి, కోళ్ళగూడు అంతకంటే ఎత్తున ఉండేట్టు ఆ ఇటుకలతో దిమ్మ కట్టమన్నాడు. ఈలోపు భార్య వదిన గడప దాకా చప్పుడు కాకుండా వెళ్ళి, నిండు బిందె అక్కడ పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేసింది.

దర్జీ సూదుల డబ్బా, దారం రీలు పట్టుకుని వదిన గుమ్మం ముందు నిలబడ్డాడు.

“వదినా, వీటికి కాస్త దారం ఎక్కించి పెడతావా?”

వదిన బిందె వంక చూసింది, ఆయన వంక చూసింది.

“చీకట్లో తొక్కేవాడికి దారం ఎందుకు మరిదీ?”

దర్జీ అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాడు. ఆవిడ కిటికీ కుట్టుగది వైపే ఉంటుంది.

“నీకు తెలుసా? మరి నిన్ను దొంగ అన్నప్పుడైనా చెప్పలేదేం?”

“చెప్పాలనుకుంటే నువ్వే చెప్తావుగా” అని, వదిన సూది వెలుతురుకెత్తి, దారం కొస తడిచేసి ఎక్కించింది. తర్వాత ఇంకోటి. “వట్టి చేతుల్తో కూర్చోకు. అవతల నీళ్ళ బిందె లోపల పెట్టు.”

దర్జీ బిందె లోపల పెట్టాడు. సూదులన్నీ గుడ్డకు గుచ్చి తెచ్చుకుని మిషను పక్కన పెట్టాడు. కుట్టుగది వీధి తలుపులు రెండూ బార్లా తీశాడు. తర్వాత రెండు ఎడమ చేతులూ సంచిలో పెట్టుకుని గార్డు ఇంటికి బయల్దేరాడు.