కంచం పట్టుకుని వచ్చిన ఆకలి

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోవచ్చు, తలుపు తీసే ఉంది. సగం విన్నాక లేచి ఇదెక్కడి చోద్యం అన్నవాడికి మాత్రం నా గరిటె బరువెంతో తెలుస్తుంది. యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్ మెస్సులో ముప్పై ఏళ్లుగా తిరుగుతున్న గరిటె ఇది. నేను ఉల్లిపాయలు వేయిస్తే లైబ్రరీ ఖాళీ అయ్యేది. ఒకసారి ఉపకులపతిగారు ఉపన్యాసం మధ్యలో ఆపేసి, ముక్కు చూపిన దారినే నడిచొచ్చి నా వంటింట్లో తేలారు. రైలెక్కేసిన పిల్ల తర్వాతి స్టేషన్లో దిగి వెనక్కొచ్చింది. సరే, అవన్నీ చెప్పుకుంటే గొప్పలంటారు.

మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలు వరుస కట్టేవాళ్లు. కార్డు చూపించాలి, కంచం తీసుకోవాలి, నా ముందుకి రావాలి. ఆ వరుసలో పిల్లలతో పాటు కొందరి ఆకలి కూడా నిలబడేది. తిండి మానేసిన పిల్ల ఒంట్లో ఆకలి ఎన్నాళ్లని కూచుంటుంది? విసుగెత్తి, ఆ పిల్ల కార్డు పట్టుకుని తనే మెట్లు దిగేది. చూడ్డానికి అచ్చం పిల్లలాగే ఉంటుంది, మాట మాత్రం తక్కువ. వార్డెనమ్మ పట్టింపల్లా ఒకటే, కార్డు ఉందా, తిన్న కంచం కడిగి పెట్టారా అని. పరీక్షలప్పుడూ, ఫోటోలు దిగే రోజుల్లోనూ వరుస గుమ్మం దాటి మెట్లదాకా పోయేది. ఎప్పుడో ఒకప్పుడు పిల్ల దిగొచ్చి, తన ఆకలి పక్కన కూచుని, అదే కంచంలోంచి ఒక్క ముద్ద తినేది. అంతే, ఆకలి మళ్లీ ఒంట్లోకి వెళ్లిపోయేది. పక్కవాళ్లు కాస్త జరిగి చోటిచ్చేవాళ్లు.

మూడో అంతస్తులో ఒక పిల్ల ఉండేది. పుట్టినప్పుడు గుండ్రంగా, ముద్దుగా ఉందని వాళ్లమ్మ గుమ్మడి అని పిలిచిందట. ముద్దుపేరే, కాదనను. కానీ పదిమంది మధ్య ఫోన్లోంచి గట్టిగా వినబడితే అందులో ముద్దేం మిగులుతుంది? దానికి తోడు వార్షికోత్సవం డాన్సుకి పేరిచ్చింది. వరసలు కట్టించే అమ్మాయిని అందరూ కెప్టెన్ అనేవాళ్లు. నువ్వు వెనక్కెళ్లు, ఆ ఇద్దరి మధ్య నిలబడితే కవరైపోతావు అందట కెప్టెన్. తిట్టలేదు పాపం, దుప్పటి మడతలు సర్దినట్టు సర్దింది. ఆ పూట నుంచి గుమ్మడి మెస్సుకి రాలేదు. మూడో అంతస్తు పిల్లలంతా ఒకరి జబ్బ ఒకరు వేళ్లతో చుట్టి కొలుచుకునే రోజులవి. వేళ్లు కలిస్తే చప్పట్లు.

కొన్నాళ్లకి గుమ్మడి ఆకలి దిగొచ్చింది. పసిపిల్లలు పలక పట్టుకున్నట్టు కంచం రెండు చేతులా పట్టుకుని నా ముందు నిలబడింది. నా చెయ్యి ఊరుకుంటుందా? వడ్డించాను. తిని మళ్లీ వచ్చింది. ఆ తర్వాత నేనే పిలిచి వడ్డించాను. కొండని ఉడకేసి పెట్టినా మెతుకు మిగల్చని ఆకలి అది. వంటవాడికి అంతకన్నా బిరుదేం కావాలి? పక్క హాస్టళ్ల వంటవాళ్లని పిలిచి మరీ చూపించేవాణ్ణి, అదిగో నా వంట అని. చూస్తుండగానే దానికి బుగ్గలొచ్చాయి, నవ్వొచ్చింది, మాటలొచ్చాయి. పైన పిల్లకి అవే ఒక్కొక్కటిగా పోయాయి.

వాళ్లమ్మ రోజూ ఫోన్ చేసి తిన్నావా అని అడిగేది. తిన్నానని పిల్ల అబద్ధం చెప్పేది. అబద్ధానికైనా ఓపిక ఉండాలిగా, చివరికి ఫోను కూడా ఆకలి చేతికిచ్చేసింది. ఏం తిన్నదో, మళ్లీ ఏం వడ్డించమన్నదో అది పూసగుచ్చినట్టు చెప్పేది. అవతల తల్లి మురిసిపోయేది.

గుమ్మడి గదిలోనే ఉండే కళ్లజోడు అమ్మాయి ఒకరోజు వంటింటి గుమ్మంలో వచ్చి నిలబడింది.

"బాబాయ్, దానికి పెట్టకు."

"ఆకలికి అన్నం పెట్టొద్దంటావేంటమ్మాయ్?"

"దాని కడుపు నిండిపోతే ఇక గుమ్మడి దగ్గరికెందుకొస్తుంది? నిన్న ఇద్దరూ మెట్ల మీద ఎదురుపడ్డారు. అది పక్కకి తప్పుకుని దారిచ్చింది బాబాయ్. పరాయివాళ్లకి ఇచ్చినట్టు."

నా గరిటె పెట్టడమే నేర్చింది గానీ ఆపడం నేర్వలేదన్నాను. మాట బాగా కుదిరిందని ఆ పూట కనబడిన వాళ్లందరికీ చెప్పుకున్నాను.

కళ్లజోడు మొండిది. మర్నాడు గుమ్మడిని బతిమాలి, భుజం పట్టి, మెట్టు మెట్టుకీ కూచోబెట్టి కిందికి తెచ్చింది. ఎండ మండిపోతున్నా పిల్ల ఒంటి మీద స్వెట్టరు. కిటికీ పక్క బల్ల దగ్గర ఆకలికి ఎదురుగా కూచోబెట్టింది. ఆకలి కాసేపు ఎగాదిగా చూసి, ఏమనుకుందో, కంచం ముందుకి తోసింది. గుమ్మడి ముద్ద కలిపింది. చిన్న ముద్ద, పిచ్చుకకి కూడా సరిపోదు. నోటిదాకా తెచ్చింది. కళ్లజోడు మంచినీళ్ల గ్లాసు దగ్గరికి జరిపింది.

సరిగ్గా అప్పుడే కెప్టెన్ కంచం పట్టుకుని అటుగా వచ్చి ఆగింది.

"అబ్బ, ఎంత బావున్నావే. ఈసారి నువ్వు ముందు వరస. నా పక్కనే."

ముద్ద తిరిగి కంచంలోకి వెళ్లింది. గుమ్మడి ఒక్కో వేలూ తుడుచుకుంది. ఆకలి కంచాన్ని తనవైపు లాక్కుని, ఆ ముద్ద కూడా తినేసింది.

వార్షికోత్సవంలో గుమ్మడి ముందు వరసలోనే ఆడింది. మర్నాడు సెలవులకి పిల్లని తీసుకెళ్లడానికి వాళ్లమ్మ వచ్చింది. గుమ్మడి మెట్ల మీద కూచుని ఉంది. కొంచెం తప్పుకోమ్మా అని పక్కనుంచి దాటి, మెస్సు గుమ్మంలో నిలబడి తల్లి పిలిచింది.

"గుమ్మడీ."

పలికితే చాలు, తల్లి వెనక్కి తిరిగేది. మెట్ల మీద పిల్ల నోరు తెరిచింది. ఊఁ అనడానికైనా లోపల ఏదో ఒకటి ఉండాలిగా. ఈలోగా బల్ల దగ్గర్నుంచి ఆకలి మూతి తుడుచుకుంటూ లేచింది.

"వస్తున్నానమ్మా."

తల్లి దాని బుగ్గలు పుణికి, ఇప్పుడు కదా నా పిల్లలా ఉన్నావంది. ఇద్దరూ చెరో సంచీ అందుకున్నారు. కళ్లజోడు గేటుదాకా పరిగెత్తింది. ఆంటీ, మీ అమ్మాయి అక్కడుంది అని చెయ్యి పట్టుకుని చూపించింది. తల్లి మెట్లవైపు చూసింది.

"పాపం, ఎవరి పిల్లో. కాస్త తింటే బావుణ్ణు."

తీసుకెళ్లిన పిల్ల బాగానే ఉందంటారు, ఉద్యోగమూ సంసారమూ అన్నీ. ఇక్కడ మిగిలిన పిల్లని కళ్లజోడే ఆసుపత్రిలో చేర్చి, ఒడ్డున పడేసింది. ఆ పిల్ల ఇప్పుడు ఇక్కడి లైబ్రరీలోనే పని చేస్తుంది. రోజూ నా మెస్సుకొచ్చి డాక్టర్లు చెప్పినంతా తింటుంది, పోస్టు డబ్బాలో ఉత్తరాలు వేసినట్టు. రైలెక్కినవాళ్లని దింపిన గరిటె కదా నాది, ఉన్న విద్యంతా చూపించి వండి, ఎలా ఉంది తల్లీ అని అడుగుతాను.

"వేడిగా ఉంది బాబాయ్" అంటుంది.

సాక్ష్యం కావాలంటే రేపు మధ్యాహ్నం రండి. కిటికీ పక్క బల్ల. ఎదుటి కుర్చీ లాగి ఖాళీగా ఉంచుకుంటుంది, అందులో మాత్రం కూచోకండి. కార్డులో ఏ పేరుందో నాకనవసరం. నేను చెప్పిన పేరుతో పిలిచి చూడండి. చప్పున తలెత్తి గుమ్మంవైపు చూస్తుంది, వాళ్లమ్మేమోనని. ఆ పేరు గుమ్మడి.