బీచుపల్లి మొక్కు

ట్రైనింగు అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మండేది. ఏఎన్ఎం ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఎన్ని చూశానో లెక్కలేదు. పోలియోకి ఒకటి, క్షయకి ఒకటి, కుటుంబ నియంత్రణకి ఏటేటా ఒకటి. పొద్దున్నే వెళ్ళి సంతకం పెట్టడం, హైదరాబాదు నుంచి వచ్చిన సారు సగం ఇంగ్లీషులో చెబుతుంటే తలూపడం, భోజనం చేసి సాయంత్రం బస్సెక్కడం. 2002 ఎండాకాలంలో గద్వాల దవాఖానకు రమ్మని కబురు వచ్చినప్పుడు ఇదీ అంతే అనుకున్నాను. ఈసారి విషయం మత్తు అలవాటు మానిపించడమట. దానితో పాటు మిలిటరీ వాళ్ళ ఇళ్ళకు అండగా ఉండడమట. ఈ రెంటికీ పొత్తు ఎక్కడ కుదిరిందో నాకు అర్థం కాలేదు. "కల్లు తాగేటోళ్ళను నాలుగు తిడితే సాలదా? దీనికి వారం దినాలు ట్రైనింగా?" అని బస్సులో పక్కన కూర్చున్న నర్సుతో అన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగి నిద్రపోయింది.

అయితే వచ్చింది హైదరాబాదు సారు కాదు. వనపర్తి ఆడపడుచు, పేరు లక్ష్మీదేవమ్మ. మిలిటరీ దవాఖానల్లో నర్సుగా చేసి రిటైరై సొంత ఊరికి వచ్చేసిన మనిషి. నెరిసిన జుట్టు బిగించి ముడేసుకుని, నూలు చీర కట్టుకుని, నిటారుగా నడిచి వచ్చి మా ముందు నిలబడింది. నమస్కారాలూ ఉపన్యాసాలూ ఏమీ లేవు. "ఇంట్ల కల్లు తాగేటోళ్ళు ఉన్నోళ్ళు చెయ్యి ఎత్తండ్రి" అంది. హాలంతా నర్సులు, ఏఎన్ఎంలు. ఒక్క చెయ్యీ లేవలేదు. "అయితే మీరు పాలమూరోళ్ళు కాదు, తప్పి వచ్చిండ్రు" అంది. అందరం పకపకా నవ్వేశాం. ఆ నవ్వుల్లోనే ఒక్కొక్క చెయ్యీ లేచింది. మా మామ సంగతి ఊరంతా తెలిసిందే కాబట్టి నేనూ ఎత్తాను.

మా దిక్కు కల్లంటే చెట్టు మీది నుంచి దించినది కాదు. చెట్లు తక్కువ, తాగేవాళ్ళు ఎక్కువ. దుకాణంలో సీసాల్లో పోసి అమ్మే దానిలో సగానికి సగం నీళ్ళూ, మత్తుమందూ. ఈ ముక్క నాకూ తెలుసు. తెలియనిది లక్ష్మీదేవమ్మ చెప్పింది. ఏళ్ళ తరబడి అది తాగిన ఒళ్ళు మందుకు అలవాటుపడిపోతుందట. ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, లేనివి కనబడతాయి, ఫిట్స్ వచ్చి ప్రాణమే పోవచ్చు. "మానమని చెప్పుడు కాదు. ఎట్ల మానాల్నో చెప్పాలె. దాబా మీదికెళ్ళి దుంకుతరా? మెట్లు దిగుతరు. గిది గూడ గట్లనే" అంది.

మరి మిలిటరీ ఇళ్ళెందుకు? ఆ ఏడాది యుద్ధం వచ్చేలా ఉందని దళాలను సరిహద్దుకు తరలించారు. సెలవులు రద్దు చేశారు. గద్వాల చుట్టుపక్కల ఊళ్ళలో కొడుకులను పంపిన తల్లులు రేడియో కట్టేసి, కల్లు దుకాణం తలుపు తట్టడం మొదలుపెట్టారు. లక్ష్మీదేవమ్మ ఆ ఇళ్ళన్నీ తిరిగి వచ్చిందట. ఆ తల్లుల భయం తీసెయ్యడం మనవల్ల కాదు, ఆ భయం పక్కన కూర్చోవడం నేర్చుకోవాలి అనేది ఆమె చెప్పే మాట. కూర్చోవడానికి కూడా నేర్పాలా అనుకున్నాను నేను.

మూడోరోజు పాఠం మధ్యలో బయట ఆటో ఆగింది. మా ఊరి రుక్కమ్మను ఆమె కోడలు ఉమ దింపుతోంది. మా ఊరు బీచుపల్లికి దగ్గర. రుక్కమ్మ కొడుకు మహిపాల్ సిపాయి, జమ్ము దిక్కు ఎక్కడో ఉన్నాడు. కొడుకు సరిహద్దుకు పోయినప్పటి నుంచి ఆమెకు పొద్దునొక సీసా, మాపునొక సీసా లేనిదే గడవదు. నేను సూది వెయ్యడానికి ఆ వాడకు పోయినప్పుడల్లా ఆమెను వాకిట్లో నిలబెట్టి మరీ తిట్టేదాన్ని.

"భాగ్యక్కా, అత్తమ్మ కల్లు ఇడిశిపెట్టింది" అంది ఉమ, నన్ను చూడగానే.

"భేష్" అన్నాను. అప్పుడు రుక్కమ్మ చేతులు చూశాను. రెండు చేతులూ చంకల కింద పెట్టి అదుముకున్నా ఆగడం లేదు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. కళ్ళు ఒకచోట నిలవడం లేదు.

ఉమ ఏడుస్తూ చెప్పింది. మహిపాల్ దగ్గరి నుంచి ఉత్తరం వచ్చి చాలా కాలమైంది. శనివారం అత్తాకోడళ్ళిద్దరూ బీచుపల్లి పోయారు. రుక్కమ్మ కృష్ణలో మునిగి, తడిచీరతోనే అంజన్న ముందు నిలబడి మొక్కింది. కొడుకు ప్రాణాలతో ఇల్లు చేరేదాకా కల్లు చుక్క ముట్టనని. ఆ రోజు నుంచి తిండి లేదు, నిద్ర లేదు. ఊళ్ళోవాళ్ళు గాలి సోకిందన్నారు, భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపొమ్మన్నారు. ఉమకు నేను ఇక్కడ ఉన్నానని గుర్తొచ్చి ఆటో ఎక్కించింది. చిన్నపిల్లే గాని బుద్ధిమంతురాలు.

డాక్టరు చూసి గోలీలు రాశాడు. ఇవాళ వెయ్యకపోతే ఫిట్స్ వస్తాయి, వస్తే చెప్పలేం అన్నాడు. లక్ష్మీదేవమ్మ హాల్లో వాళ్ళను అక్కడే ఉండమని, నన్ను మాత్రం వెంటబెట్టుకుని వార్డులోకి వచ్చింది.

రుక్కమ్మ మంచం మీద కూర్చుని తలుపు వైపే చూస్తోంది. "గా తలుపుకాడ ఇద్దరు నిలవడ్డరు సూడు. టోపీలు పెట్టుకున్నరు. నడుమ పెట్టె ఉన్నది" అంది.

"ఎవ్వరు లేరు, నువ్వు కండ్లు మూసుకొని పండుకో" అన్నాను నేను.

లక్ష్మీదేవమ్మ నన్ను పక్కకు జరిపింది. కుర్చీ తెచ్చి, సరిగ్గా ఆ తలుపుకూ మంచానికీ మధ్యలో వేసుకుని కూర్చుంది. "నాకైతే కనబడతలేరు చెల్లె. కానీ నీకు కనబడుతున్నరు, నువ్వు భయపడుతున్నవ్, గది నిజం. ఎవరు వచ్చినా ముందుగాల నన్ను దాటాలె" అంది. రుక్కమ్మ భుజాలు కొంచెం దిగాయి. ఇన్నేళ్ళుగా రోగుల మధ్య తిరిగే నాకు ఆ కుర్చీ అక్కడ వెయ్యాలని ఎన్నడూ తోచలేదు.

గోలీ, నీళ్ళూ ఇచ్చాను. రుక్కమ్మ గోలీని తిప్పి తిప్పి చూసింది. "గిది కల్లుల కలుపుతరే, గదేనా?" అంది.

నేను కాదని చెప్పబోయాను. నోటి దాకా వచ్చింది. ఈలోపు లక్ష్మీదేవమ్మ "అవును చెల్లె, గదే జాతిది" అనేసింది.

అంతే. రుక్కమ్మ గోలీని మంచం మీద పెట్టేసి నోరు బిగించింది. నాకు పట్టరాని కోపం వచ్చింది. మేడమ్‌ను వరండాలోకి లాక్కుపోయినంత పని చేశాను.

"జర ఒక్క అబద్ధం చెప్తే ఏమైతుండె మేడం? మింగేసేది."

"ఇయ్యాల మింగుతది. ఈ గోలీలు తగ్గించుకుంట తగ్గించుకుంట నెల దాకా మింగాలె. రేపు ఎవడో ఒకడు చెప్తడు, గదే మందని. అప్పుడు నిన్ను నమ్మదు, నన్ను నమ్మదు, దవాఖాన గడప తొక్కదు. మళ్ళ ఒక్కపారే ఇడిశిపెడ్తది. అప్పుడు పక్కన ఎవరుంటరు?"

"పోనీ పట్టుకొని సూది ఏద్దం."

"ఫిట్స్ వస్తే డాక్టర్ ఏస్తడు, ఎవర్నీ అడగడు. గది రాకముందే ఆమె చెయ్యి సాపాలె, భాగ్యమ్మా."

మళ్ళీ లోపలికి వెళ్ళాం. ఉమ అత్త కాళ్ళ దగ్గర కూర్చుని బతిమాలుతోంది. నేనూ వదల్లేదు. "రుక్కమ్మక్కా, నా మాట ఇను. నీ కొడుకుకు ఏం కాదు. నాది పూచీ" అన్నాను.

"నువ్వు సూసొచ్చినవా?" అంది రుక్కమ్మ. "నా పానం పోతే పోనీ. మొక్కు తప్పితే పోయేది వాని పానం. మీకెవ్వరికి గది సమజైతలేదు."

చెమటకు ఆమె రవిక తడిసిపోయింది. వణుకు చేతుల నుంచి గడ్డానికి ఎక్కింది. డాక్టరు తలుపు దగ్గరికి వచ్చి చూసి, సూది సిద్ధం చేసుకోవడానికి వెళ్ళాడు. అప్పుడు రుక్కమ్మే లక్ష్మీదేవమ్మ వైపు తిరిగింది.

"నువ్వు మిలిటరీ దవాఖానల చేసినవంట గదా అక్కా. ఆడ పిలగాండ్లు సచ్చిపోంగ సూసినవా?"

"సూసిన."

నేను మేడమ్ కొంగు పట్టి గుంజాను. ఆమె పట్టించుకోలేదు.

"శాన మందినా?"

"శాన మందిని."

"వాళ్ళ అమ్మలను?"

"వాళ్ళను గూడ. రైలు దిగి వచ్చేటోళ్ళు. పక్కన కూసునేది నేనే."

రుక్కమ్మ మంచం అంచుకు జరిగింది. "గా అమ్మలల్ల మొక్కు తప్పినోళ్ళు ఎందరు?"

మూడు రోజులుగా గంట కొట్టినట్టు పలికిన లక్ష్మీదేవమ్మ గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది.

"ఒక్కతి గూడ తప్పలే చెల్లె. అందరు మొక్కినోళ్ళే. ఒక్కపొద్దులు ఉన్నోళ్ళు, తల నీలాలు ఇచ్చినోళ్ళు, దర్గాల చాదర్ కప్పినోళ్ళు. ఎవ్వరు మాట తప్పలే. ఆ పిలగాండ్ల మంచాల కాడ నేను సుత మొక్కిన."

రుక్కమ్మ ముఖం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. మొదట కోపం వచ్చింది ఆమెకు, ఆ తర్వాత ఏదో బరువు దించినట్టు నడుము వంగింది. అప్పుడు ఏడ్చింది. ఉమ కూడా ఏడ్చింది. నేను మాత్రం ఏడవలేదని చెబితే అబద్ధం అవుతుంది.

"అయితే నా చేతుల ఏం లేదా?" అంది రుక్కమ్మ.

"తుపాకి గుండు నీ చేతుల లేదు. నువ్వు కల్లు తాగినందుకు రాదు, గోలి మింగినందుకు రాదు. నీ చేతుల నువ్వున్నవ్. వాడు సెలవు మీద వచ్చిన పొద్దు పెద్దగా పిలుస్తడు, అమ్మా అని. పలకనీకె నువ్వు ఉండాలె."

రుక్కమ్మ కుర్చీ పక్క నుంచి తలుపు వైపు తొంగి చూసింది. "ఇంకా ఆడనే ఉన్నరు" అంది.

"ఉండనీ. నేను గూడ ఈడనే ఉన్న."

రుక్కమ్మ చెయ్యి చాచింది. గోలీ పెడితే వణుకుకు కింద పడింది. ఇంకొకటి తెచ్చాను. ఈసారి ఉమ ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకుంది. "అంజన్నా, మాఫ్ చెయ్యి" అని మింగింది రుక్కమ్మ. గ్లాసు పంటికి తగిలి టకటకలాడింది.

నాకు ఎవరినీ మెచ్చుకునే అలవాటు లేదు. మా ఆయనను అడిగినా అదే చెబుతాడు. కానీ ఆ రోజు ఆ మనిషి కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. డాక్టర్లను చూశాను, పెద్ద పెద్ద ఆఫీసర్లను చూశాను. చావు గురించి అబద్ధం చెప్పకుండా బతికించిన మనిషిని మాత్రం ఆమెనొక్కదాన్నే చూశాను.

కొంతసేపటికి వణుకు తగ్గుముఖం పట్టింది. రుక్కమ్మ దిండు మీద తల వాల్చి, "అక్కా, గా తల్లులు ఇప్పుడు ఎట్లున్నరు?" అని అడిగింది.

"ఎరుక లేదు చెల్లె. వాళ్ళు రైలెక్కి పోయేటోళ్ళు. ఇండ్లకు పోయి మళ్ళ అడిగినోళ్ళు ఎవ్వరు లేరు. గందుకే వీళ్ళకు నేర్పుతున్న" అంది లక్ష్మీదేవమ్మ. కుర్చీలోంచి లేచి నన్ను కూర్చోమంది. హాల్లో మిగతావాళ్ళు ఎదురుచూస్తున్నారు.

నేను కూర్చున్నాను. రుక్కమ్మ చెయ్యి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. మిగిలిన వణుకు నా మోచేతి దాకా తెలిసింది.

"గోలీలు అయిపోయేదాంక మా ఇంటికి వస్తవా భాగ్యమ్మా?"

"వస్త."

కళ్ళు మూతలు పడుతున్నా ఆమె నన్నే చూస్తోంది. "ఏమన్న కబురొచ్చినా వస్తవా?"

ఈసారి ఏం కాదని అనలేదు నేను.

"వస్త రుక్కమ్మక్కా. కబురొచ్చినా వస్త" అన్నాను.