గురువుగారి ముఖానికి కాళ్లు

గురువారం పొద్దున, కాళ్లు పట్టే పనివాడు ఉదోం మల్లెమాల చేత్తో పట్టుకుని తను పనిచేసే దుకాణం మెట్టెక్కి, గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఎనిమిది కుర్చీలూ అటు తిరిగి ఉన్నాయి. మొన్నటిదాకా వీధిని చూసిన కుర్చీలు ఇవాళ వెనక గోడను చూస్తున్నాయి. గోడకు బంగారు రంగు పూశారు. నడుమెత్తులో గూడు కట్టి, నాలుగు దీపాలు పెట్టి, ఆ గూట్లో జీవకుడి విగ్రహాన్ని కూర్చోబెట్టారు. కుర్చీలో వాలి కాళ్లు బారజాపితే అరికాళ్లు సరిగ్గా ఆయన ముఖానికే.

జానెడు ఇత్తడి విగ్రహం అది. అగరుపొగకు నల్లబడిపోయింది. బుద్ధుడికి వైద్యం చేసిన మహానుభావుడు, ఒళ్లు పట్టే విద్యకు ఆదిగురువు. ఉదోంకు పని నేర్పిన ముసలాయన పోయేముందు దాన్ని తన చేతులతో ఇతని చేతుల్లో పెట్టాడు. ఇరవై రెండేళ్ల కిందట ఈ దుకాణం తెరిచిన రోజున, ఉదోం నిచ్చెన వేసుకుని చూరు కింద పలక మీద దాన్ని నిలిపాడు. అప్పటినుంచి ఆ పలకకు దండం పెట్టకుండా ఇక్కడ ఎవరూ ఎవరి పాదమూ పట్టలేదు.

"ఎవరు చేశారిది?" అన్నాడు.

తోంగ్‌బై బేసిన్లలో వేడినీళ్లు పోస్తోంది. పదిహేనేళ్లుగా ఇతని పక్క పీట మీదే పనిచేస్తున్న మనిషి. "ఇంకెవరు అన్నయ్యా, మన మహారాణి. నిన్న అందరికీ సెలవిస్తే మనమీద ప్రేమనుకున్నాం."

మహారాణి అంటే వరుణి. దుకాణం పెట్టిన తల్లి కాలం చేశాక అది ఆమె చేతికొచ్చింది. వచ్చినప్పటినుంచి ఆమెకు ఒకటే ధ్యాస, విమానం మారే జనం. ఒక విమానం దిగి ఇంకోటి ఎక్కేలోపు వాళ్లకు ఆరు గంటలుంటుంది. ఆ ఆరు గంటల్లోనే బ్యాంకాక్ మొత్తం అయిపోవాలి. పొద్దున బంగారు బుద్ధుడు, తర్వాత పెద్ద బజారు, చివర కాళ్లు పట్టించుకోవడం. కంపోన్ అనే గైడు వ్యానులో వాళ్లను తోలుకొస్తాడు. వస్తూనే గడియారం చూస్తాడు.

వరుణి ఫోనులో మాట్లాడుకుంటూ లోపలినుంచి వచ్చింది. చుట్టరికం లేకపోయినా చిన్నవాళ్లంతా ఉదోంను పెదనాన్నా అనే పిలుస్తారు. "ఎలా ఉంది పెదనాన్నా? ఇప్పుడు ఫోటో తీస్తే పాదాలూ గురువుగారూ ఒకేదాంట్లో పడతారు. నిన్నొక్క ఫోటో పెడితే ఎంతమంది చూశారో తెలుసా?"

"కుర్చీలు తిప్పించు."

"తిరగవు. నేలకు బోల్టులు బిగించారు."

"అయితే ఆయన్ని పైన పెట్టించు."

"పైనుంటే ఫోటోలో పడడు కదా!" వరుణి నవ్వింది. "అయినా నువ్వు పీటేసుకుని మధ్యలోనే కూర్చుంటావుగా. వాళ్ల కాళ్లు నీకు తగులుతాయి గానీ ఆయనకు తగలవు."

"నేను లేచినప్పుడు?"

ఆమె మళ్లీ ఫోను చూసుకుంది.

"కూర్చున్నంతసేపూ ఆయనకు వీపు పెట్టి కూర్చోవాలి. ఆ సంగతి?"

"అబ్బ పెదనాన్నా! పట్టుమని పది మాటలు మాట్లాడవు నెలకి. ఇవాళే గుర్తొచ్చాయా అన్నీ?"

ఈ పిల్ల ఇదే నేలమీద పాకింది. ఏడేళ్లప్పుడు ఆ పలక కింద కాళ్లు చాపుకుని పడుకుంటే తల్లి తొడమీద వాత తేలేటట్టు కొట్టింది. తెలియకేం కాదు. తెలిసే చేసింది.

దండ గూట్లో పెట్టడానికి వంగాల్సి వచ్చింది. ఇరవై రెండేళ్లుగా మెడ ఎత్తి చూసిన గురువును వంగి చూడటం అదే మొదలు. దండం పెట్టి, గోడ వారగా నిలబడ్డాడు.

పదకొండింటికి వ్యాను ఆగింది. ఎనిమిదిమంది దిగారు. ఒక్కొక్కరి చేతిలో నాలుగేసి సంచులు. ఎండకు మొహాలు కందిపోయి ఉన్నాయి.

"నలభై నిమిషాలే!" కంపోన్ గుమ్మంలోంచే అరిచాడు. "త్వరగా కానివ్వండి. ఒంటిగంటకు విమానాశ్రయంలో దింపాలి. ఏం పెదనాన్నా, గోడకు చేరబడ్డావు? గోడ పడిపోతుందనా?"

ఉదోం కదల్లేదు.

"పెదనాన్నా, మూడో కుర్చీ," అంది వరుణి.

"నేను పట్టను."

"అంటే?"

"ఆ కుర్చీల్లో కాళ్లు పట్టను."

తోంగ్‌బై మెల్లిగా తన పీట వెనక్కి లాక్కుంది. దుకాణంలో పనిచేసే మిగతా ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, తలలు వంచుకుని పనిలో దిగారు. వాళ్లను ఉదోం తప్పు పట్టలేదు. ఇళ్లల్లో పిల్లలున్నారు. వచ్చినవాళ్లనూ తప్పు పట్టలేదు. పాపం, వాళ్లకేం తెలుసు? హాయిగా కాళ్లు చాపారు, ఫోన్లు ఎత్తారు, పది వేళ్లూ ఆడించుకుంటూ నవ్వుకున్నారు.

ఒక్క ముసలమ్మ మాత్రం చాపలేదు. శ్రీలంకనుంచి వచ్చిందామె, తెల్లచీర కట్టుకుంది. మూడో కుర్చీలో కూర్చోబెట్టారు. కాళ్లు ఎత్తబోయి ఎదురుగా గూడు చూసింది. కొరడా దెబ్బ తగిలినట్టు కాళ్లు వెనక్కి లాక్కుంది. రెండు పాదాలూ చీర కిందకు మడుచుకుని, గూటి వైపు చేతులు జోడించింది.

"ఏమైందమ్మా? చాపండి, చాపండి," అంటూ వరుణి వంగి ఆమె మడమలు పట్టుకుంది. ముసలమ్మ తల అడ్డంగా ఊపింది. ఆమె భాష ఇక్కడెవరికీ రాదు. అయినా ఏమంటోందో అందరికీ అర్థమైంది. పక్క కుర్చీలో లావుపాటాయన కూడా ఫోను దించి, అనుమానంగా తన కాళ్ల వంక చూసుకున్నాడు.

"టైమవుతోంది వరుణీ!" కంపోన్ విసుక్కున్నాడు. "ఏదో ఒకటి చెయ్."

అప్పుడు వరుణి చేసిన పని ఉదోం చచ్చేదాకా మరిచిపోడు. బేసిను అంచున వేలాడుతున్న తువ్వాలు తీసింది. అప్పుడే ఎవరివో పాదాలు తుడిచి వేసిన తడి తువ్వాలు. దాన్ని గురువుగారి తలమీద కప్పేసింది.

"ఇదిగో, ఇప్పుడు కనబడడు. చాపండమ్మా."

తోంగ్‌బై నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఉదోం వెళ్లి తువ్వాలు తీసి వరుణి చేతిలో పెట్టాడు. విసరలేదు, చేతిలోనే పెట్టాడు. మూడు అగరుపుల్లలు వెలిగించి గూటి ముందు మోకాళ్లమీద కూర్చున్నాడు. "అయ్యా, ఇక్కడ మీకు చోటు లేకుండా పోయింది. నాతో రండి," అన్నాడు, పైకే. తన చొక్కా విప్పి దానితో విగ్రహాన్ని పొడిగా తుడిచాడు. రెండు చేతులతో తలమీదకు ఎత్తుకుని, బనీను మీదనే గుమ్మం దాటాడు. ముసలమ్మ అతను దాటేదాకా చేతులు దించలేదు.

వరుణి వీధిలోకి పరుగెత్తుకొచ్చింది. "పెదనాన్నా, ఆగు! తప్పే, పొరపాటే! బోల్టులు సోమవారం ఊడదీయిస్తాను."

"సోమవారం దాకా ఆయన కళ్లు మూసుకుని కూర్చోవాలా?"

"అరవై మూడేళ్లొచ్చాయి, ఎక్కడికి పోతావు? ఎవరు పెట్టుకుంటారు నిన్ను?"

ఆ మాట గట్టిగానే తగిలింది. అయినా ఆగకుండా నడిచాడు.

సందు చివర, విమానాశ్రయం రైలు వెళ్లే వంతెన స్తంభాల కింద అద్దె మోటారుసైకిళ్ల వాళ్ల రేకుల పాక ఉంది. నారింజరంగు కోట్లు వేసుకుని నలుగురు గళ్ల బల్లమీద సీసా మూతలు జరుపుతూ ఆడుకుంటున్నారు. వాళ్ల పాకలో ఎత్తుగా ఒక పలక, దానిమీద బుద్ధుడి పటం.

"మీ పలకమీద కాస్త చోటివ్వండి," అన్నాడు ఉదోం.

నలుగురిలో పెద్దవాడు విగ్రహాన్నీ, బనీనునూ చూశాడు. ఏమీ అడగకుండా బల్ల ఎక్కి పటం పక్కకు జరిపాడు. "ఇక్కడే ఉంటాడా ఈయన?"

"నేనూ ఉంటాను."

కాసేపటికి తోంగ్‌బై వచ్చింది. ఒక చంకలో అతని పీట, ఇంకో చంకలో తన పీట. చమటలు కక్కుతోంది.

"నువ్వెందుకొచ్చావు?"

"నీ పీట ఇద్దామని."

"రెండోది?"

"దానికి ఒక్కదానికి అక్కడ తోచదని," అని చతికిలబడింది. "గూడు ఖాళీ అన్నయ్యా. అయినా వాళ్లు ఫోటోలు తీసుకుంటూనే ఉన్నారు. దీపాలు వెలుగుతున్నాయిగా!"

ఉదోం ముక్కుపుటాలు అదిరాయి. పాక పక్క కుళాయిలో మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాడు.

పెద్దవాడు బూటు విప్పి, మడమ నొక్కుకుంటూ కుర్చీలో కూర్చున్నాడు. "వారం నుంచి బ్రేకు తొక్కలేకపోతున్నా పెద్దాయనా. కాస్త చూడు," అని కాలు చాపాడు.

"అటు కాదు," అన్నాడు ఉదోం. "రోడ్డు వైపు తిరుగు."

వాడు పలక వైపు ఒకసారి చూసి, నాలిక కరుచుకుని, కుర్చీతో సహా తిరిగాడు. ఉదోం మెడ ఎత్తి గురువుకు దండం పెట్టి, వాడి పాదం ఒళ్లోకి తీసుకున్నాడు.